ఎవరో ఒకరి ముఖం

మాటల్లో చరిత్ర చెప్పేవాళ్ల పని సుఖం. "ఎవరో వెళ్లి యజమానికి చెప్పేశారు" అని ఒక్క ముక్క అనేసి పక్క పేజీకి వెళ్లిపోవచ్చు. ఆ ఎవరో పొడుగా పొట్టా, చెప్పేటప్పుడు తల దించుకున్నాడా లేదా అని ఎవరూ నిలదీయరు. బొమ్మలు గీసేవాళ్లకి ఆ వెసులుబాటు లేదు. ఎవరో అన్నా సరే, ఆ ఎవరోకి ఒక ముక్కూ రెండు చెవులూ పెట్టి తీరాలి. బొమ్మలమ్మాయికి చిక్కు అక్కడే వచ్చింది.

ముప్పై దాటి చాలా కాలమైనా వీధిలో అందరికీ ఆమె బొమ్మలమ్మాయే. పిల్లల పత్రికలకీ సబ్బు పెట్టెలకీ బొమ్మలు గీసి బతుకుతుంది. ఆమె వదిన బళ్లో చరిత్ర టీచరు. నాన్న అదే బడికి బస్సు నడుపుతాడు. అన్నయ్య కూడా ఉన్నాడు గానీ, ఈ కథలో ఆయనకి వేళకి భోంచేయడం తప్ప వేరే పని లేదు. "నాన్న పిల్లల్ని బడికి తీసుకొస్తాడు, నువ్వు వాళ్లని నిద్రపుచ్చుతావు" అని బొమ్మలమ్మాయి వదినని ఏడిపించేది.

వదిన పైకి నవ్వేదే గానీ ఆ మాట ఎక్కడో తగులుతూనే ఉంది. ఒకరోజు ఆమె పాత నూలు మిల్లు ముందు తీసిన నలుపు తెలుపు ఫొటో క్లాసులో చూపిస్తే, ఒక పిల్లాడు లేచి "టీచర్, అప్పటి మనుషులకి రంగులు ఉండేవి కాదా" అని అడిగాడట. ఆ సాయంత్రం వదిన ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా కుర్చీలో కూలబడింది.

"ఇంక పాఠం చెప్పి లాభం లేదు. నేను రాస్తాను, నువ్వు గీయి. బొమ్మల నవల చేద్దాం" అంది.

ఊరి చివర మూతబడి, ఇప్పుడు గోదాముగా వాడుతున్న ఆ మిల్లులో ముత్తాతల కాలంలో ఒక సమ్మె జరిగింది. పని గంటలు తగ్గించమని అడిగి అడిగి విసిగిపోయిన కార్మికులు, ఒకనాటి ఉదయం యంత్రాలన్నీ ఒక్కసారిగా ఆపేయాలని గుట్టుగా అనుకున్నారు. ముందు రాత్రే ఎవరో వెళ్లి యజమానికి చెప్పేశారు. తెల్లారేసరికి గేటుకి తాళం పడింది. ముందు నిలబడ్డవాళ్ల ఉద్యోగాలు పోయాయి, మిల్లు ఇచ్చిన ఇళ్లూ పోయాయి. పాత పత్రికల్లో ఇదంతా ఉంది. చెప్పింది ఎవరన్నది మాత్రం ఎక్కడా లేదు. వదిన వెతకని చోటు లేదు.

బొమ్మలకి కావాల్సిన మనిషి ఇంట్లోనే దొరికాడు. నాన్నకి కుర్రతనంలో నాటకాల పిచ్చి. వేషం వేసే యోగం ఎన్నడూ పట్టలేదు గానీ, కూతురు "నాన్నా, కాస్త ఇలా నిలబడు" అంటే చాలు, బస్సు తాళాలు మేకుకి తగిలించి సిద్ధమైపోయేవాడు. పిడికిలెత్తి నాయకుడయ్యేవాడు. తలకి తువ్వాలు చుట్టి, మగ్గం దగ్గర వంగిన ఆడమనిషి అయ్యేవాడు. గొడుగుని చేతికర్రగా పట్టుకుని మిల్లు యజమాని అయినప్పుడైతే, దాన్ని వదిలించి అన్నానికి కూర్చోబెట్టడం వదిన తరం కాలేదు.

ఒళ్లు నాన్నది, ముఖాలు మాత్రం వేరు. కొన్ని ఆ పాత ఫొటోలోంచి తీసుకుంది. మిగతావాటికి ఒకరి ముక్కూ ఇంకొకరి గడ్డమూ కలిపి అతికించింది. యజమాని ముందు లాంతరు పట్టుకుని నిలబడి గుట్టు చెప్పేసే మనిషి దగ్గరికి వచ్చేసరికి పెన్సిల్ ఆగిపోయింది. కూరగాయలవాడి ముఖం పెట్టి చెరిపేసింది. పోస్టుమాన్ ముఖం పెట్టి చెరిపేసింది. ఎవరి ముఖం పెట్టినా ఊరికే ఒక మనిషి మీద నింద వేసినట్టు అనిపించింది. అచ్చుకి ఇవ్వాల్సిన రోజు నెత్తి మీదికొచ్చింది. ఎదురుగా నాన్న నీళ్ల చెంబుని లాంతరులా పైకెత్తి, చెయ్యి నొప్పి పుడుతున్నా కదలకుండా నిలబడి ఉన్నాడు. ఆమె కళ్ల ముందున్నదాన్నే గీసేసింది. పైన ఒక బొద్దు మీసం, తలకి ఒక టోపీ.

"మావయ్యలా లేడూ" అంది వదిన చూసి.

"మీసం ఉందిగా" అంది బొమ్మలమ్మాయి. ఇద్దరూ నవ్వుకున్నారు.

పుస్తకం బళ్లోకి వెళ్లిన వారం వదిన ముఖంలో వెలుగు చూడాలి. నిద్రపోయే పిల్లలు లేరు. గంట కొట్టినా కదలడం లేదట. గోదాము మీదుగా బస్సు వెళ్తుంటే అందరూ ఒకవైపు కిటికీల్లోకి వచ్చేస్తున్నారట, బస్సు ఒరిగిపోతుందేమోనని నాన్న ఫిర్యాదు. ఆ ఫిర్యాదు చేసేటప్పుడు ఆయన ముఖం కూడా వెలుగుతూనే ఉంది.

బస్సులో పిల్లలందరికీ ఆయన డ్రైవర్ తాత. అందులో ఒక పిల్లకి ఆయన పెట్టిన పేరు కండక్టరమ్మ. తొమ్మిదేళ్లు ఉంటాయేమో. రోజూ ముందు సీటు ఆమెదే. ఎక్కినవాళ్లని తలలు లెక్కపెట్టి, రానివాళ్లకి ఏ రోగమో విచారించి, "రైట్ రైట్" అంటే తప్ప బస్సు కదలకూడదు. దారి పొడుగునా ప్రశ్నలు. మబ్బులకి బ్రేకులు ఉంటాయా, మీకు పళ్లు ఎందుకు ఊడాయి, ఇలాంటివి. నాన్న సాయంత్రం ఇంటికొచ్చి వాటిని అప్పజెప్పి, తను చెప్పిన జవాబులకి తనే మెచ్చుకునేవాడు.

ఒకరోజు ఆ పిల్ల ఏ ప్రశ్నా అడగకుండా కాసేపు అద్దంలో ఆయన్నే చూసి, "తాతా, పుస్తకంలో ఉన్నది మీరేనా" అంది. నాన్న ఇంకా పుస్తకం తెరవలేదు. కళ్లజోడు విరిగి కొత్తదానికిచ్చాడు. ఆయన మనసులో మెదిలింది పిడికిలెత్తిన నాయకుడు.

"నేను కాక ఇంకెవరు" అన్నాడు స్టీరింగ్ మీద వేళ్లతో తాళం వేస్తూ.

బస్సంతా చప్పబడిపోయింది. దిగేటప్పుడు ఒక్కరూ "టాటా తాతా" అనలేదు. మర్నాడు ముందు సీటు ఖాళీ. ఆ మర్నాడూ ఖాళీయే. వాళ్లమ్మ తన బండి మీద దింపి వెళ్తోందని తెలిసింది. వెనక పిల్లలు వస్తున్నారు, పోతున్నారు, ఆయన పలకరిస్తే తల ఊపుతున్నారు. "ఏమైందో వీళ్లకి" అని రెండు పూటలు అనుకుని, మూడో పూట కొత్త కళ్లజోడు పెట్టుకుని కూతుర్ని పుస్తకం అడిగాడు.

వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఒక్కో బొమ్మ గడీ వేలితో తడుముతూ చదివాడు. పిడికిలెత్తిన బొమ్మ దగ్గర మురిసిపోయాడు. తువ్వాలు చుట్టుకున్న ఆడమనిషిని చూసి పకపకా నవ్వాడు. తర్వాతి పేజీ తిప్పాక నవ్వు వినపడలేదు. ఎదురుగా కూరలు తరుగుతున్న బొమ్మలమ్మాయికి ఆ పేజీ ఏదో అప్పుడు గుర్తొచ్చింది. చేతిలో కత్తి అక్కడే ఆగింది.

"వాడి ముఖం నాది పెట్టావా తల్లీ" అన్నాడు.

"మీసం పెట్టాను నాన్నా."

"మీసం పెడితే నేను కాకుండా పోతానా. ఆ పిల్ల రోజూ నా ముఖం అద్దంలో చూస్తుంది." కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నువ్వేనా అంటే అవునన్నాను. గొప్పగా అన్నాను కూడా."

ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. ఒక చెంపదెబ్బ కొట్టినా ఆమె హాయిగా ఏడ్చి ఉండేది. ఆయన తిట్టలేదు సరికదా, ఆ గడిని మళ్లీ దగ్గరికి పెట్టుకుని చూశాడు.

"ఇంతకీ వీడెందుకు చెప్పాడు?"

"తెలియదు నాన్నా."

"ఎవరు చెప్పారో తెలియదు. ఎందుకు చెప్పాడో తెలియదు. ముఖం మాత్రం తెలిసిపోయిందా మీకు?"

నాన్న పుస్తకం మూసి, బల్ల మీద సర్ది పెట్టాడు. "ముందు సీటు అలా బోసిగా ఉంటే బస్సు నడపబుద్ధి కావడం లేదు" అని లేచి వెళ్లిపోయాడు. తను ఇష్టంగా చేసిన పని తండ్రికి ఇంత చేటు తెచ్చిందే అని బొమ్మలమ్మాయి ఆ కూరముక్కల ముందే కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకుంది.

విషయం తెలిసి వదిన మర్నాడే క్లాసులో చెప్పింది. ఆ బొమ్మ ఊహించి గీసింది, డ్రైవర్ తాతకి ఈ గొడవతో సంబంధం లేదు, అప్పటికి ఆయన పుట్టనే లేదు అని. పిల్లలు బుద్ధిగా తల ఊపారు. కండక్టరమ్మ మాత్రం లేచి నిలబడింది.

"తాతలు అప్పుడు కూడా తాతలే కదా టీచర్. అయినా ఆయనే అవునన్నారు."

ఈ పిల్లకి ఎందుకంత పట్టుదలో వదినకి తెలుసు. ఫొటోలో మిల్లు గేటు ఊచ పట్టుకుని నిలబడ్డాయన ఆ పిల్లకి ముత్తాత. మొన్నటిదాకా ఇంట్లో ఆయనంటే ఒక పేరు మాత్రమే. ఈ పుస్తకంలో ఆయన నడిచాడు, అరిచాడు, తెల్లారగట్ల సామాను నెత్తిన పెట్టుకుని పిల్లలతో వీధిన పడ్డాడు. ముఖం ఎరగని మనిషి మీద ఆ పిల్లకి ప్రేమ పుట్టించింది ఈ బొమ్మలే. ఇప్పుడు ఆ ప్రేమకే కోపం వచ్చింది.

"ఈ బొమ్మల జోలికి పోకుండా ఉండాల్సింది. మాటల్లో చెప్పుకుంటే ఏ గొడవా ఉండేది కాదు" అంది వదిన ఇంటికొచ్చి.

"మాటల్లో చెప్పినన్నాళ్లూ గొడవేముంది వదినా, అందరూ నిద్రలోనే ఉన్నారుగా."

"సరే, ముఖం మార్చి మళ్లీ అచ్చు వేయిద్దాం."

"కాగితం మీద మారుస్తాను. చూసేసిన కళ్లలో ఎలా మార్చాలి?"

ఇద్దరూ ఎడమొహం పెడమొహంగా కూర్చున్నారు. చివరికి బొమ్మలమ్మాయే లేచి నాన్న దగ్గరికి వెళ్లింది. పిల్లలకి అచ్చయిన బొమ్మ చూపించాం గానీ, గీయడం చూపించలేదు కదా, రేపు క్లాసులో వాళ్ల ముందే గీస్తాను, ఇంకొక్కసారి నిలబడతావా అని అడిగింది.

"నన్ను చూసి మొహం తిప్పుకునే పిల్లల ముందా" అన్నాడు నాన్న. మళ్లీ తనే, "ఇస్త్రీ చొక్కా వేసుకోమంటావా, డ్రైవరు చొక్కానా" అని అడిగాడు.

డ్రైవరు చొక్కాతోనే వచ్చాడు. నల్లబల్ల మీద పెద్ద కాగితం అంటించారు. నాన్న ఒక పిల్లాడి నీళ్ల సీసా అడిగి తీసుకుని లాంతరులా పైకెత్తాడు. కండక్టరమ్మ పుస్తకం తెరిచి, అట్టలు నిలబెట్టి వాటి వెనక తల దాచుకుంది. బొమ్మలమ్మాయి కాళ్లు, నడుము, భుజాలు గీసుకుంటూ పైకి వచ్చి, మెడ దగ్గర ఆగింది.

"ఆ రోజు చెప్పిందెవరో నాకు తెలియదు. టీచర్‌కీ తెలియదు. కానీ ఇక్కడ ఒక ముఖం పెట్టాలి. ఎవరిది పెట్టమంటారు?"

పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"నీది పెట్టనా?" అని ముందు వరుసలో పిల్లాణ్ని అడిగింది.

"నాది వద్దు" అన్నాడు వాడు చటుక్కున.

"నీది?"

"అమ్మో, నాది వద్దు."

నాదీ వద్దు, నాదీ వద్దు అని వెనక బెంచీ దాకా వెళ్లింది. ఒకమ్మాయి ముఖానికి చేతులు అడ్డం పెట్టుకుంది. నీళ్ల సీసా ఎత్తి పట్టుకున్న నాన్నకి నవ్వొచ్చింది గానీ, వేషంలో ఉన్నాడు కాబట్టి ఆపుకున్నాడు.

"చూశారా, అడిగితే ఒక్కరూ ఒప్పుకోలేదు. మా నాన్నని నేను అడగలేదు. ఎదురుగా ఉన్నాడని పెట్టేశాను. తప్పు నాది" అంది బొమ్మలమ్మాయి.

పుస్తకం వెనక నుంచి కండక్టరమ్మ తల బయటికొచ్చింది. సీసా పట్టుకున్న నాన్న ఎడమచేతిని చూసింది, పుస్తకంలోకి చూసింది, మళ్లీ చేతిని చూసింది. నాన్న చిటికెనవేలు ఎప్పుడో బస్సు బానెట్ కింద నలిగి, వంకరగా అతుక్కుంది. ముందు సీట్లో కూర్చునే పిల్లకి స్టీరింగ్ మీద ఆ వేలు రోజూ కనిపించేదే.

"టీచర్, లాంతరు వాడి వేలు తాత వేలులాగే ఉంది" అంది.

"అవునమ్మా, తాతని చూసే కదా గీసింది."

"ఈయనది కూడా." పిడికిలెత్తిన నాయకుడి బొమ్మ మీద వేలు పెట్టింది. పేజీ తిప్పింది. "ఈమెది కూడా. ఈ యజమానిది కూడా." పిల్లలందరూ గబగబా తమ తమ పుస్తకాలు తెరిచారు. ఇక్కడ కూడా ఉంది, ఇదిగో ఇక్కడ కూడా, అని క్లాసంతా వంకర వేళ్ల వేటలో పడింది. కండక్టరమ్మ మాత్రం ఒక పేజీ దగ్గర ఆగి, లేచి పుస్తకం తీసుకుని ముందుకొచ్చింది.

"మా ముత్తాతది కూడా."

బొమ్మలమ్మాయి వంగి చూసింది. గేటు ఊచ పట్టుకున్న ఎడమచేతికి చిటికెనవేలు పక్కకి వంగి ఉంది. ఆ బొమ్మకి నాన్న నిలబడలేదు. ఫొటో చూసి గీసింది. వేలు వంచినట్టు ఆమెకి తెలియనే తెలియదు. చిన్నప్పుడు రోడ్డు దాటించింది ఆ చెయ్యి. జ్వరమొస్తే నుదుటి మీద పడింది ఆ చెయ్యి. చెయ్యి గీయాలనుకున్న ప్రతిసారీ తన పెన్సిల్ గీసింది దాన్నే అని ఆమెకి ఇంత వయసొచ్చాక, ఒక తొమ్మిదేళ్ల పిల్ల చూపిస్తే తెలిసింది. నాన్న కూడా సీసా దించి, వంగి చూశాడు. తన వంకర వేలిని ఇంకో చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"మా ముత్తాత వేలు నిజంగా ఇలా ఉండేదా?"

"తెలియదమ్మా. ఫొటోలో ఆయన చెయ్యి మసకగా ఉంది."

"మరి ఆయన అరిచిన మాటలు?"

వదిన నిజం చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం తటపటాయించింది. "అవి నేను రాశాను. ఆయన గేటు దగ్గర నిలబడింది నిజం. పని పోయింది నిజం, ఇల్లు పోయింది నిజం. మిగతాది మేం అనుకున్నది" అంది.

కండక్టరమ్మ వెళ్లి తన చోట కూర్చుంది. అంతకుముందు కోపంగా ఉన్న ముఖం ఇప్పుడు చిన్నబోయింది. క్లాసులోంచి బయటికి వెళ్తూ నాన్న "బాగుచేయబోయి ఆ పిల్లకి ఉన్న ముత్తాతని కూడా లేకుండా చేశామేమో" అన్నాడు. బొమ్మలమ్మాయికీ అదే దిగులు పట్టుకుంది.

ఆ సాయంత్రం ఆమె ఆ గడి మళ్లీ గీసింది. ఈసారి ముఖం లేదు, వీపు మాత్రమే. లాంతరు పట్టుకున్న చేతికి చిటికెనవేలు వంకరగానే ఉంచింది. అందరికీ ఉన్నప్పుడు వాడికొక్కడికీ తీసేయడం న్యాయం కాదనిపించింది.

మర్నాడు బొమ్మలమ్మాయి ఆ కాగితం వదిన వాళ్ల హెడ్మాస్టరుకి చూపించాలని నాన్న బస్సులోనే బయల్దేరి, వెనక సీట్లో కూర్చుంది. పిల్లలు ఎక్కుతున్నారు. కొందరు ముందుగా ఆయన వేలు చూసి, తర్వాత ఆయన్ని చూసి, "తాతా" అని పలకరిస్తున్నారు. ముందు సీట్లో మాత్రం ఎవరూ కూర్చోలేదు. కండక్టరమ్మ వాళ్ల వీధి మలుపు వచ్చేసరికి, ఆగే పని లేదని తెలిసినా నాన్న అలవాటుగా వేగం తగ్గించాడు. ఆ పిల్ల అక్కడ సంచీతో నిలబడి ఉంది.

ఎక్కింది. తలలు లెక్కపెట్టలేదు. రైట్ రైట్ అనలేదు. ముందు సీటు దాటి వచ్చి, దాని వెనక సీట్లో కిటికీ పక్కన కూర్చుంది. నాన్న అద్దంలో ఒకసారి చూసి బస్సు కదిలించాడు. వెనక నుంచి చూస్తున్న బొమ్మలమ్మాయికి ఆయన భుజాలు బిగుసుకోవడం తెలుస్తోంది.

గోదాము దాటాక ఆ పిల్ల నోరు విప్పింది.

"తాతా, ఆ రోజు చెప్పింది ఎవరో మీకు కూడా తెలియదా?"

"నాకూ తెలియదు తల్లీ."

"వాడికి భయమేసిందా? ఎవరైనా కొడతామన్నారా?"

"ఏమో తల్లీ."

"పెద్దవాళ్లు ఇంతమంది ఉండి తెలియదంటే ఎలా?"

నాన్న కొంచెం తల తిప్పాడు. "ఇంజిన్ చప్పుడుకి వినపడటం లేదమ్మా" అన్నాడు.

పక్క వీధిలో చెంబు పడితే వినపడే చెవులవి. బొమ్మలమ్మాయి ఒళ్లో కాగితం మడత నలక్కుండా గట్టిగా పట్టుకుని చూస్తోంది. తర్వాతి మలుపులో బస్సు ఆగింది. కండక్టరమ్మ విసుగ్గా లేచింది, సంచీ భుజాన వేసుకుంది, ముందు సీట్లోకి మారి ఆయన వైపు తిరిగి కూర్చుంది.

"ఈసారి సరిగ్గా వినండి. మళ్లీ అడుగుతాను" అంది.

"అడుగు తల్లీ" అన్నాడు నాన్న.